ఏం అమ్ముకున్నారు?

తెలుగు నేర్చుకుంటున్న నా తోటివాళ్ళకు ముందు ఒక మాట గురించి చెప్తాను. ఆ తరువాత పోట్లాట.

అమ్ముడుపోవడం. ఈ మాట సరుకు గురించి చెప్తే సంతోషం. మామిడికాయలన్నీ అమ్ముడుపోయాయంటే వ్యాపారి ఇంట్లో పండగ. అదే మాట మనిషి గురించి చెప్తే తిట్టు. వాడు అమ్ముడుపోయాడంటే ఇంక వాడితో మాట్లాడే పని లేదు. సికింద్రాబాదులో ఇంగ్లీషు మీడియంలో చదివిన నాకు సెల్‌అవుట్ అనే తిట్టు చిన్నప్పటినుంచీ తెలుసు. దానికి ఇంత సరిగ్గా సరిపోయే మాట మన దగ్గర ఉందని అరవై దాటాక తెలిసింది.

దాని పక్కనే ఇంకో మాట ఉంది. అమ్ముకోవడం. "అమ్ముకున్నాడు" అనగానే వినేవాళ్ళు "ఏం?" అని అడుగుతారు. పాలు అమ్ముకున్నాడా? పొలం అమ్ముకున్నాడా? ఓటు అమ్ముకున్నాడా? జవాబును బట్టి మర్యాద, జాలి, అసహ్యం. "అమ్ముడుపోయాడు" అన్నప్పుడు ఆ ప్రశ్న ఎవరూ అడగరు. తిట్టేవాళ్ళకు ఆ మాట ఇష్టం కావడానికి కారణం అదే అనుకుంటాను.

1994లో ఇక్కడ, మా ఈస్ట్ బేలో, గ్రీన్ డే అనే బ్యాండులోని ముగ్గురు కుర్రాళ్ళ మీద ఈ మాట పడింది. ఆ ఏడాది ఫిబ్రవరి 1న వాళ్ళ ఆల్బం "డూకీ" విడుదలైంది. అప్పటికి ముగ్గురికీ ఇరవై ఒక్కేళ్ళు. వాళ్ళు ఏం అమ్ముకున్నారో నిదానంగా లెక్క చూసినవాళ్ళు తక్కువ. ఆ లెక్క నేను చూస్తాను. ముప్పై ఏళ్ళు దాటాక ఇప్పుడెందుకంటే, కారణం ఉంది. కిందికి వచ్చాక చెప్తాను.

పాప్-పంక్ అంటే తెలియనివాళ్ళకు: పంక్ సంగీతంలోని వేగం, కోపం, అరుపు, వాటితో పాటు స్నానం చేస్తూ పాడుకోగలిగే వరస. డూకీ అంటే చిన్నపిల్లల భాషలో దొడ్డికి వెళ్ళగా వచ్చేది. ఊరూరా తిరుగుతూ పాడైన తిండి తిని కడుపు చెడిన రోజుల జ్ఞాపకంగా ఆ పేరు పెట్టుకున్నారు. పదేళ్ళ మావాడు ఆ సీడీ ఇంటికి తెచ్చి, పేరుకు అర్థం అడిగితే "ఏమో మమ్మీ, ఊరి పేరు" అన్నాడు.

ముందు ఆ కుర్రాళ్ళు పెరిగిన చోటు గురించి చెప్పాలి. బర్క్‌లీలో గిల్‌మన్ వీధిలో, 924 నంబరులో ఒక క్లబ్బు ఉంది. 1986 డిసెంబరు 31 రాత్రి తెరిచారు. మద్యం లేదు కాబట్టి ఏ వయసువాళ్ళయినా రావచ్చు. సభ్యత్వం కార్డు తీసుకోవాలి. గోడ మీద నియమాలు రాసి ఉంటాయి: జాతి ద్వేషం వద్దు, ఆడవాళ్ళను కించపరచడం వద్దు, స్వలింగ ప్రేమికుల మీద ద్వేషం వద్దు, మత్తు వద్దు, కొట్లాట వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ చోటు నడిపేది వాలంటీర్లు. టికెట్లు చింపేవాళ్ళు, మైకులు సర్దేవాళ్ళు, అందరూ వెళ్ళాక తుడిచేవాళ్ళు, అందరూ జీతం లేనివాళ్ళే.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇది మా గుడి! చెప్పుల అరల దగ్గర నిలబడేవాళ్ళం, పార్కింగులో చేతులూపేవాళ్ళం, వంద మందికి పులిహోర కలిపేవాళ్ళం, చివర్లో అంట్లు కడిగి తాళం వేసేవాళ్ళం. ఇలాంటి చోట్లకు ఒక బలం ఉంటుంది, ఒక జబ్బు కూడా ఉంటుంది. బలం ఏమిటంటే చోటు నిజంగా మనది. జబ్బు కూడా అదే: చోటు మనది కాబట్టి మనుషులు కూడా మనవాళ్ళే, మనం చెప్పినట్టే ఉండాలి అనిపిస్తుంది. ఇరవై ఏళ్ళుగా సేవ చేస్తున్నాను, ఆ జబ్బు ఎలా అంటుకుంటుందో దగ్గరనుంచి చూశాను.

బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్, మైక్ డర్న్ట్ పదేళ్ళ వయసు నుంచి స్నేహితులు. బిల్లీ జో తండ్రి సేఫ్‌వే దుకాణాలకు లారీ నడిపేవాడు, జాజ్ వాయించేవాడు. కుర్రాడికి పదేళ్ళప్పుడు కాన్సరుతో పోయాడు. తల్లి వల్లేహోలో ఒక హోటల్లో వడ్డించేది. కొడుక్కి నీలం గిటార్ కొనిపెట్టింది ఆవిడే. వీళ్ళ మొదటి కచేరీ 1987లో ఆవిడ పని చేసిన హోటల్లోనే. బిల్లీ జో పద్ధెనిమిదో పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు హైస్కూలు వదిలేశాడు. (మన ఇళ్ళలో ఈ వాక్యం చదివితేనే బీపీ పెరుగుతుంది. కాసేపు ఆగండి, చదవడం కొనసాగించండి.) తరువాత ట్రే కూల్ డ్రమ్స్ వాయించడానికి వచ్చాడు. పాత గ్రంథాలయ బస్సు ఒకటి కొని, ట్రే తండ్రే దాన్ని నడుపుతూ ముగ్గురినీ దేశమంతా తిప్పాడు. ఊరూరా పుస్తకాలు పంచిన బండి అది. మన సంగీతం తల్లిదండ్రులు కచేరీలకు కార్లు నడపడం గుర్తు తెచ్చుకోండి. తేడా ఏముంది?

మొదటి రెండు ఆల్బంలు లుకౌట్ రికార్డ్స్ అనే చిన్న కంపెనీ వేసింది. దాన్ని నడిపిన లారీ లివర్‌మోర్ పేరు వింటే మనవాళ్ళకు గుడే గుర్తొస్తుంది, కానీ గుడికీ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. రెండో ఆల్బం "కెర్‌ప్లంక్" ఆ కంపెనీ స్థాయికి చాలా బాగా పోయింది. 1993లో కుర్రాళ్ళు రీప్రైజ్ అనే పెద్ద కంపెనీతో సంతకం చేశారు. రీప్రైజ్ ఫ్రాంక్ సినాట్రా మొదలుపెట్టిన కంపెనీ, తరువాత వార్నర్ చేతికి వెళ్ళింది. పెద్ద కంపెనీతో ఒప్పందం ఉన్న బ్యాండ్లు గిల్‌మన్‌లో వాయించకూడదని నియమం. ఆ సెప్టెంబరులో అక్కడ ఆఖరిసారి వాయించి బయటికి వచ్చారు. తలుపు మూసుకుంది.

ఇక ఆల్బం ఎలా చేశారో చూడండి. రికార్డింగుకు లాస్ ఏంజలెస్ వెళ్ళలేదు. అదే బర్క్‌లీలో, ఫాంటసీ స్టూడియోలో, రాబ్ కవాలో అనే నిర్మాతతో సుమారు మూడు వారాల్లో రికార్డు చేశారు. మొదటి మిక్సింగ్ వాళ్ళకు నచ్చలేదు, మళ్ళీ చేయించారు. జెర్రీ ఫిన్ చేసిన రెండోదే మనం వినేది. నచ్చలేదు, మళ్ళీ చేద్దాం అని ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు పెద్ద కంపెనీ డబ్బుతో అనడం చిన్న విషయం కాదు. అమ్ముడుపోయినవాడు ఆ మాట అనడు, చెక్కు జేబులో పెట్టుకుని ఇంటికి పోతాడు.

అట్ట మీద బొమ్మ వేసింది రిచీ బుచర్, ఈస్ట్ బే పంక్ గుంపులోనివాడే. బొమ్మలో బర్క్‌లీ టెలిగ్రాఫ్ అవెన్యూ మీద బాంబులు పడుతుంటాయి. బాంబుల్లో ఏముందో పేరే చెప్తుంది. "లాంగ్‌వ్యూ" వీడియో తాము అద్దెకున్న ఇంటి నేలమాళిగలోనే తీశారు. పాటల్లో ఏముంది? ఏ పనీ లేక సోఫాలో కుళ్ళిపోయే విసుగు. "బాస్కెట్ కేస్"లో తనకు పిచ్చెక్కుతోందేమో అన్న భయం. బిల్లీ జోకు నిజంగానే గుండెదడ, భయం ముంచుకొచ్చే జబ్బు ఉంది, అప్పటికి దాని పేరు అతనికి తెలియదు. తన లైంగికత గురించి పదిహేడేళ్ళ కుర్రాడి తికమక ఇంకో పాటలో. బూతులు ఉన్నాయి, దాచను. మన ఇళ్ళల్లో కుర్రాళ్ళకు ఇవే భయాలు ఉంటాయి, మనకు చెప్పరు. ఆ సీడీకి చెప్పుకున్నారు. మావాడి గది తలుపు ఎందుకు మూసి ఉండేదో ఆ పాటల మాటలు చదివాక నాకు కొంత అర్థమైంది.

నా దగ్గరున్న అసలు సాక్ష్యం ఇది. "వెల్‌కమ్ టు పారడైజ్" అనే పాట రెండు చోట్ల ఉంది. మొదట కెర్‌ప్లంక్‌లో, చిన్న కంపెనీ రికార్డుగా. మళ్ళీ డూకీలో, పెద్ద కంపెనీ రికార్డుగా. ఇల్లు వదిలి ఓక్లండ్‌లో పాడుబడ్డ గోదాములో ఉన్న రోజుల పాట. అదే పాట, అదే గొంతు, అదే వరస. రెండోసారి డ్రమ్ములు స్పష్టంగా వినిపిస్తాయి, గిటార్ దట్టంగా ఉంటుంది. అంతే. మొదటిది పవిత్రం, రెండోది అపవిత్రం అన్నవాళ్ళు రెండూ ఒకదాని వెనక ఒకటి పెట్టుకుని వినాలి. ఏం అమ్ముకున్నారు? ఆ పాటలో ఏ ముక్క పోయింది?

తరువాత జరిగింది మీకు తెలిసే ఉంటుంది, త్వరగా చెప్తాను. ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవంలో బురద యుద్ధం, ఆ గొడవలో కాపలావాడు మైక్‌ను ప్రేక్షకుడనుకుని పడేస్తే పళ్ళు దెబ్బతిన్నాయి. 1995లో గ్రామీ. ఒక్క అమెరికాలోనే కోటికి పైగా కాపీలు. 2024లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దీన్ని జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. దొడ్డి పేరు పెట్టుకున్న ఆల్బం ఇప్పుడు ప్రభుత్వ భాండాగారంలో ఉంది.

సొంత ఊళ్ళో మాత్రం వేరే కథ. అప్పట్లో పంక్ పత్రికల్లో పెద్దది "మాక్సిమమ్ రాక్‌ఎన్‌రోల్". దాన్ని నడిపిన టిమ్ యోహానన్ గిల్‌మన్ క్లబ్బు మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు. 1994 జూన్ సంచికంతా పెద్ద కంపెనీల మీద దాడి. ముఖచిత్రం నోట్లో తుపాకి పెట్టుకున్న మనిషి. ఆ సంచికలో స్టీవ్ అల్బీని రాసిన వ్యాసం మళ్ళీ వేశారు, అది మాత్రం నాకు బాగా నచ్చింది. మాటలు తక్కువ, అంకెలు ఎక్కువ. పెద్ద కంపెనీ రెండున్నర లక్షల డాలర్ల అడ్వాన్సు ఇచ్చిందనుకోండి. నిర్మాతకు ఇంత, స్టూడియోకు ఇంత, వకీలుకు ఇంత, మేనేజరుకు ఇంత, వీడియోకు ఇంత. ఆల్బం రెండున్నర లక్షల కాపీలు పోయి కంపెనీకి లక్షలు మిగిలాక, బ్యాండులో ఒక్కొక్కరికి దక్కేది నాలుగు వేల డాలర్ల పై చిల్లర. సెవెన్-ఎలెవెన్ కొట్లో పని చేస్తే అంతకు మూడింతలు వస్తుందని ఆయన లెక్క. హుండీ డబ్బు లెక్కపెట్టే వరుసలో కూర్చునేదాన్ని, ఆ లెక్కకు దండం పెడతాను. పెద్ద కంపెనీల గురించి పంక్ పెద్దలు చెప్పింది చాలామటుకు నిజం.

గిల్‌మన్ నియమం కూడా సరైనదే. ఇది నేను గట్టిగా చెప్తాను, లేకపోతే నన్ను గ్రీన్ డే అభిమాన సంఘంలో చేర్చేస్తారు. గది చిన్నది, కొన్ని వందల మందే పడతారు. వేరే వేదిక దొరకని పిల్లల కోసం కట్టుకున్న గది. కోటి కాపీలు అమ్మే బ్యాండుకు స్టేడియాలు ఉన్నాయి. చోటు లేనివాడికి చోటు ఉంచడం కోసం, ఉన్నవాణ్ణి "నువ్వు ఇంక బయట పాడుకో నాయనా" అనడంలో అన్యాయం లేదు.

కానీ నియమం వేరు, నింద వేరు. నియమం గది గురించి. నింద మనిషి గురించి. "నీకు ఇక్కడ వేదిక లేదు" అన్నది "నువ్వు దొంగవి"గా మారడానికి ఎంతసేపు పట్టిందో చూడండి. 1994 మే నెల. జెల్లో బియాఫ్రా గిల్‌మన్‌కు వచ్చాడు. డెడ్ కెనడీస్ బ్యాండులో పాడినవాడు, ఆల్టర్నేటివ్ టెంటకిల్స్ అనే సొంత స్వతంత్ర కంపెనీ నడిపినవాడు, 1979లో శాన్ ఫ్రాన్సిస్కో మేయరు పదవికి పోటీ చేసినవాడు. పెద్ద కంపెనీల గుమ్మం తొక్కనివాడు. కొందరు అతన్ని అమ్ముడుపోయాడని తిడుతూ కొట్టారు. కాలు విరిగింది. కొట్లాట వద్దు అని గోడ మీద రాసుకున్న చోట! అతను ఏం అమ్ముకున్నాడు? ఏమీ లేదు. అప్పటికి ఆ మాటకు అర్థం అక్కర్లేదు, ఎవరి మీద పడినా సరిపోతుంది.

గ్రీన్ డే వైపు ఏం చేశారు? 1994 కచేరీల్లో తమకు ముందు వాయించడానికి పాన్సీ డివిజన్ అనే బ్యాండును తీసుకెళ్ళారు. లుకౌట్ కంపెనీ బ్యాండే, స్వలింగ ప్రేమ గురించి దాపరికం లేకుండా పాడేవాళ్ళు. గిల్‌మన్ గోడ మీది నియమాన్ని వేలమంది కుర్రాళ్ళ ముందు పెట్టడం అది. గోడ దగ్గర నిలబడి కాపలా కాసినవాళ్ళకన్నా ఎక్కువ దూరం మోశారు. తమ మొదటి రెండు ఆల్బంలు లుకౌట్ దగ్గరే ఉంచారు. డూకీ తరువాత ఆ పాతవి కూడా విపరీతంగా పోయాయి, ఆ డబ్బుతో చిన్న కంపెనీ పెరిగింది. చివరికి 2005లో, రావలసిన రాయల్టీలు రాక, ఆ ఆల్బంలు వెనక్కి తీసుకున్నారు. పెద్దవాళ్ళు మాత్రమే డబ్బు ఎగ్గొడతారు, చిన్నవాళ్ళు పవిత్రులు అనే కథ అక్కడ ముగిసింది. 2012లో లుకౌట్ మూతపడింది.

వెళ్ళగొట్టిన బాధ వాళ్ళకు లేకపోలేదు. 1995లో వచ్చిన "ఇన్‌సోమ్నియాక్" ఆల్బంలో "86" అనే పాట ఉంది. అమెరికా హోటళ్ళ భాషలో ఆ అంకెకు "వీడికి ఇక్కడ వడ్డించొద్దు" అని అర్థం. వడ్డించే తల్లి కొడుకు రాసిన పాట, గిల్‌మన్ గురించే. ఇరవై ఏళ్ళ తరువాత, 2015 మే నెలలో, అగ్నిప్రమాదంలో దెబ్బతిన్న ఒక పుస్తక ప్రచురణ సంస్థకూ ఒక ముద్రణాలయానికీ సాయం కోసం మళ్ళీ అదే గదిలో వాయించారు.

ఇప్పుడు నా కారణం. మా దగ్గర ఒక అమ్మాయి పదకొండేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చుకుంది. ఇప్పుడు స్నేహితులతో కలిసి బ్యాండ్ పెట్టింది. గిటార్లు, డ్రమ్ములు, మధ్యలో ఒక ఆలాపన. ఒక కంపెనీ వాళ్ళ పాటలు వేస్తోంది. జనవరిలో త్యాగరాజ ఆరాధన. పంచరత్నాల గోష్ఠిలో వెనక వరసలో కూర్చుని పాడతానని అడిగింది. వంటగదిలో బీన్స్ తరుగుతూ ఒకావిడ అంది, "అమ్ముడుపోయిందండీ ఆ పిల్ల". వారం తిరిగేసరికి ఒక ప్రతిపాదన: వ్యాపార సంగీతం పాడేవాళ్ళకు ఆరాధన వేదిక మీద చోటు ఇవ్వకూడదు.

గిల్‌మన్‌ను చూపించి ఇది కూడా అలాంటి నియమమే అనకండి. అక్కడ ఒకరు వేదిక ఎక్కితే ఇంకొకరు ఆగాలి. గోష్ఠి అంటే అందరూ కూర్చుని ఒకే కృతి పాడడం. ఆ అమ్మాయి కూర్చుంటే ఎవరి చోటు పోతుంది? పోయినేడాది సగం జంపఖానా ఖాళీ. వేదిక వెనక మాత్రం ఖాళీ లేదు, ఇళ్ళు అమ్మే ఏజెంటు బ్యానరు, బీమా ఏజెంటు బ్యానరు, నగల కొట్టు బ్యానరు.

"త్యాగరాజస్వామి రాజు పిలిచినా వెళ్ళలేదు కదా ఆంటీ" అని ఒక కుర్ర కార్యవర్గ సభ్యుడు నాకు పాఠం చెప్పాడు. వెళ్ళలేదంటారు, నిజమే నాయనా. తన సంగతి తాను తేల్చుకున్నాడు. ఇతరుల దగ్గర కార్డులు చూడలేదు. ఆయన సమాధి పాడుబడి ఉంటే తిరువయ్యారులో గుడి కట్టించింది ఎవరు? బెంగళూరు నాగరత్నమ్మ. దేవదాసి కుటుంబంలో పుట్టింది, కచేరీలు చేసి సంపాదించింది, గ్రామఫోను కంపెనీలకు పాడింది. పాట అమ్ముకుంది, నగలు అమ్ముకుంది, ఆ డబ్బుతో గుడి నిలబెట్టింది. ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదని మగ విద్వాంసులు అడ్డుపడితే, ఆడవాళ్ళతో వేరే ఆరాధన పెట్టించింది. 1940ల మొదట్లో గానీ అందరూ కలవలేదు. మన ప్రతిపాదన ఆ రోజుల్లో అమలులో ఉంటే నాగరత్నమ్మకు జంపఖానా మీద చోటు లేదు, మనకు జరుపుకోవడానికి ఆరాధన కూడా ఉండేది కాదేమో.

ఆ అమ్మాయి పాటలు నాలుగు విన్నాను. రెండు నాకు నచ్చలేదు, చప్పుడు ఎక్కువ. ఒకదానిలో ఆరభి ఉంది, శుద్ధంగా, పదకొండేళ్ళ చదువు కనిపించేలా. సంగీతం టీచరుకు వినిపించాను. ఆవిడ రెండుసార్లు విని, స్వరం ఎక్కడా జారలేదు అంది. ఇది కార్యవర్గానికి కూడా పంపాను, ఇంకా ఎవరూ విన్నట్టు లేదు.

ఓటింగు వచ్చే ఆదివారం. గోష్ఠి పేర్ల పట్టిక మాత్రం వంటగది తలుపు మీద అంటించి ఉంది, దాని పని నాది. ఆ అమ్మాయి పేరు పైనుంచి ఏడోది. నేనే రాశాను, పెన్నుతో.